టూల్‌లో అన్నీ గ్రీన్, అయినా కస్టమర్ డబ్బు పంపలేకపోతున్నారు. ఎక్కడ వెతకాలి?

రాత్రిడ్యూటీ:
బ్యాంకింగ్ యాప్ టీమ్‌లో టెస్టింగ్ చేస్తుంటాను. యాక్సెసిబిలిటీ టూల్‌తో (వికలాంగులు యాప్ వాడగలరో లేదో చూసేది) చెక్ చేశాం, బటన్లన్నిటికీ లేబుళ్లు ఉన్నాయి, అక్షరాల కాంట్రాస్ట్ 4.5:1 దాటింది, రిపోర్టు మొత్తం గ్రీన్. అయినా చూపు లేని ఒక కస్టమర్ "బ్యాలెన్స్ చూసుకోగలుగుతున్నా, డబ్బు మాత్రం పంపలేకపోతున్నా" అని రాశారు. నా ఫోన్‌లో టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పెట్టి చేస్తే డబ్బు వెళ్లిపోతోంది. మేనేజరేమో రిపోర్టు చూపించి ఇంకేం కావాలంటున్నారు. రోజూ స్క్రీన్ రీడర్‌తో బ్యాంకు పనులు చేసుకునేవాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారో కాస్త చెప్తారా?

చెవిచదువు:
ముందు స్క్రీన్ నల్లగా చేసుకుని చేయండి. టాక్‌బ్యాక్‌లో స్క్రీన్ దాచే ఆప్షన్ ఉంది, ఐఫోన్ స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్‌లో దాన్నే స్క్రీన్ కర్టెన్ అంటారు. చూస్తూ చేసే టెస్టింగ్‌లో సగం తెలీదు.

బ్యాలెన్స్ దాకా మేమూ హాయిగా వెళ్తాం. "మీరు మీరేనా" అని యాప్ అడగడం మొదలుపెట్టాకే కష్టాలు. పిన్ కీప్యాడ్ తీసుకోండి, పక్కవాళ్లు కనిపెట్టకూడదని కొన్ని యాప్‌లలో అంకెల చోట్లు ప్రతిసారీ మార్చేస్తారు. చూసేవాళ్లకి క్షణం పని. నేను మాత్రం ఒక్కో గడి మీద వేలు పెట్టి "ఏడు, రెండు, తొమ్మిది" అని వింటూ కావాల్సింది తగిలేదాకా వెతకాలి. ఇయర్‌ఫోన్స్ లేకపోతే నా పిన్ ఫోనే నలుగురికీ చదివి వినిపిస్తుంది, ఇదేం సెక్యూరిటీనో మరి! తర్వాత ఓటీపీకి ఆరు డబ్బాలు. ఒక అంకె కొట్టగానే ఫోకస్ పక్కదాంట్లోకి దూకుతుంది, ప్రతిసారీ "ఎడిట్ బాక్స్" అంటుంది, ఒకటి తప్పు పడితే ఎన్నో డబ్బాలో ఉన్నానో తెలీదు. ఈలోపు టైమ్ అయిపోయిందని మొదటికి తోసేస్తుంది, అకౌంట్ నంబర్ దగ్గర్నుంచి మళ్లీ కొట్టుకోవాలి. మెసేజ్‌లోంచి కోడ్ దానంతటదే పడేలా చేయండి, పేస్ట్ చేయనివ్వండి, చాలు.

కోడుగుడ్డు:
ఇవేవీ దయ చూపి చేసేవి కావు, డబ్ల్యూసీఏజీలో (వెబ్‌సైట్లు, యాప్‌లు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు) ఉన్నవే. మేనేజర్‌కి ఆ పేజీలే పంపండి. 2023 అక్టోబర్‌లో వచ్చిన 2.2 వెర్షన్‌లో 3.3.8 నియమం చూడండి: వేరే దారి చూపకుండా గుర్తుపెట్టుకుని కొట్టడం, పజిల్ విప్పడం లాంటివి లాగిన్‌కి తప్పనిసరి చేయకూడదు. టైమ్ సంగతి 2.2.1లో ఉంది. గడువు పొడిగించే పద్ధతి పెడితే, అయిపోయేముందు హెచ్చరించి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. ఓటీపీ గడువు పెంచలేమంటే సరే, కానీ నింపిన వివరాలన్నీ పారేయడం దేనికి? కొత్త కోడ్ అడిగితే సరిపోదూ?

ఇంకోటి, ఇది టూల్ ఎప్పటికీ చెప్పదు. మీ యాప్‌లో మాల్వేర్ చెక్ ఉందేమో చూడండి. ఆండ్రాయిడ్‌లో దొంగ యాప్‌లు యాక్సెసిబిలిటీ పర్మిషన్ తీసుకుని స్క్రీన్ చదివేస్తాయి కాబట్టి, ఆ పర్మిషన్‌తో నడిచే సర్వీస్ ఏది ఆన్‌లో ఉన్నా కొన్ని బ్యాంకు యాప్‌లు పని ఆపేస్తాయి. స్క్రీన్ రీడర్ కూడా అలాంటి సర్వీసే కదా. ఆండ్రాయిడ్ 14 నుంచి సున్నితమైన స్క్రీన్లను, వికలాంగుల కోసం చేసినవని ప్రకటించుకున్న టూల్స్‌కి మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. అందర్నీ కట్టగట్టి గెంటాల్సిన పనిలేదు.

మూగమేళం:
చూపు గురించే కాదండీ, నాకు వినిపించదు. యాప్ ఎంత బాగున్నా, కొంచెం పెద్ద మొత్తం పంపితే బ్యాంకు నుంచి కాల్ వస్తుంది. ఎత్తలేను, లావాదేవీ ఆగిపోతుంది. అన్నయ్య ఎత్తితే "అకౌంట్ ఎవరిదో వాళ్లకే ఇవ్వండి" అంటారు. ఇచ్చి ఏం లాభం? యాప్‌లోనే "ఇది నేనే చేశాను" అని నొక్కే బటన్ పెడితే తీరిపోయే సమస్య ఇది. కార్డ్ బ్లాక్ చేయడానికి కూడా చాట్ ఉండాలి.

నీలిగీత:
కేవైసీలో కళ్లు ఆర్పి చూపించమనడం మర్చిపోయారు. అందరికీ సాధ్యం కాదు. దానికి ప్రత్యామ్నాయాలు ఉండాలని భారత సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30 తీర్పులో చెప్పింది. యూరప్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది, మామూలు కస్టమర్ల బ్యాంకు సేవలూ అందులో ఉన్నాయి. మేనేజర్ దగ్గర పేజీలకంటే ఇవి బాగా పనిచేస్తాయి 🙂

రాత్రిడ్యూటీ:
కోడుగుడ్డు గారూ, దొరికింది. చెక్ ఉంది, అదీ డబ్బు పంపే స్క్రీన్‌లో మాత్రమే. టాక్‌బ్యాక్‌ని పేరుపెట్టి మినహాయించారు కాబట్టి నా ఫోన్‌లో ఆగలేదు, ఆ కస్టమర్ వాడేది వేరే స్క్రీన్ రీడర్. ఆ లిస్టు మార్చమని టికెట్ వేశాను. కాల్స్ సంగతి ఫ్రాడ్ విభాగం చేతిలో ఉంది, మూగమేళం గారు చెప్పింది వాళ్లకి పంపాను. ఆరు డబ్బాలు తీయమంటే మాత్రం డిజైన్ వాళ్లు ఒప్పుకోవట్లేదు, అందం పోతుందట.

కోడుగుడ్డు:
తీయక్కర్లేదు. చూడ్డానికి ఆరు గడులు గీసుకోమనండి, లోపల ఫీల్డ్ ఒక్కటే ఉండాలి. స్క్రీన్ రీడర్‌కి ఆ గీతలు కనిపించకుండా దాచేయండి.