ఈ వారం సమస్య: లేనివాని యింట లేదు లేమి

నిర్వాహకుడు (నల్లకుంట):
మిత్రులారా, ఈ వారం పాదం మా అమ్మ ఇంటి అటక మీద నుంచి దిగింది. ఆ ఇల్లు ఖాళీ చేస్తున్నాం. రెండు రోజులు అటక మీదే గడిచాయి. స్టీలు గిన్నెలు దించి పరిస్తే హాలు చాలలేదు. ప్రతి గిన్నె అంచునా చుక్కలతో కొట్టించిన పేరు, పక్కన పెళ్లి తేదీ. 1987 నాటి టిఫిన్ క్యారియర్ ఒకటి ఉంది. గిన్నెల మధ్య కొట్టువాడు పెట్టిన పేపరు ముక్కలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అమ్మ కుర్చీలో కూర్చుని ఒక్కో పేరూ చదివించుకుని, “ఇచ్చేయ్” అంది. చివరికి రెండు కంచాలు, ఒక కుక్కరు, నాలుగు గిన్నెలు మిగిలాయి. “హమ్మయ్య, తోమేవి తగ్గాయి” అంది. ఆ మాట దగ్గర పుట్టిందే ఇది:

*లేనివాని యింట లేదు లేమి*

ఇది చివరి పాదం. దీన్ని మార్చకుండా, పై మూడు పాదాలూ మీరు కట్టి పద్యం పూరించాలి. ఆదివారం రాత్రి దాకా గడువు. “ఆశ లేని” అనే దారి అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆ దారినే వచ్చినా పై మూడు పాదాల్లో కొత్తది ఏదైనా తెచ్చిపెట్టండి.

మల్కాజిగిరి అక్క:
మీరు అటక అన్నారు, మా ఇంట్లో సజ్జ. మీరు చెప్పిన ఆ దారినే వచ్చాను తమ్ముడూ, ఏమీ అనుకోకండి.

*సజ్జ నిండ నుండె సామాను డబ్బాలు*
*తలను నిండ నుండె తగని చింత*
*కొన్న కొద్ది పెరుగు కొరతయే, యాశలు*
*లేనివాని యింట లేదు లేమి*

అంబర్‌పేట మాస్టారు:
అమ్మా, “కొన్న కొద్ది పెరుగు కొరతయే” దగ్గర ఆగిపోయాను. పాత దారే, అయినా మీ నడక మీది. సజ్జ నుంచి తలకు ఎక్కించడం బాగుంది, రెండూ పైనే ఉంటాయి కదా. “తగని చింత” కన్నా ఏ చింతో పేరు పెట్టి చెప్పి ఉంటే ఇంకా నిలిచేది.

కాచిగూడ కవి:
నాది భోగినాటి అనుభవం.

*భోగి మంటలోన పోయెను పాతవి*
*గదులు ఖాళీ యయ్యె గాలి వచ్చె*
*మరల కొనెడు బుద్ధి మనసులో నిసుమంత*
*లేనివాని యింట లేదు లేమి*

అంబర్‌పేట మాస్టారు:
రెండో పాదం రెండో గణం (లయకు కొలిచిన అక్షరాల ముక్క) చూసుకోండి కవిగారూ. రెండూ దీర్ఘాలే, “ఖాళీ” అక్కడ ఇమడదు. గదులు ఖాళీ అయ్యాయి కానీ గణం మాత్రం కిక్కిరిసింది. మూడో పాదం మాత్రం నిజంగా నచ్చింది. పారేయడం ఒక్కరోజు పని, మళ్లీ కొనకుండా ఉండటం ఏడాదంతా పని. ఆ మాట ఇంత సూటిగా ఇంకెవరూ అనలేదు.

కాచిగూడ కవి:
పలికేటప్పుడు “ఖాళి” అనే అంటాం కదా మాస్టారూ. ళ కి గుడి పెట్టుకుంటే సరిపోతుంది.

అంబర్‌పేట మాస్టారు:
అంటాం, కాదనను. కానీ అవసరమైనప్పుడల్లా గుడిదీర్ఘం తీసేయడం మీకు అలవాటైంది. జనవరిలో నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) సమస్యకు మీరు రాసిన “జనపు రద్దిలోన జారిపోతి” నాకింకా గుర్తుంది. అప్పుడు “రద్దీ” తెగింది, ఇప్పుడు “ఖాళీ”.

కాచిగూడ కవి:
ఆ నుమాయిష్ పూరణకు అప్పట్లో బాగుందన్నది మీరే! పైగా ఆ రోజు నాంపల్లి నుంచి నేను మోసుకొచ్చిన కొబ్బరి తురిమే మిషను ఇంతవరకు డబ్బాలోంచి బయటికి రాలేదు. ఈసారి మంటలో పడాల్సింది అదే.

మల్కాజిగిరి అక్క:
మంటలో ఎందుకు తమ్ముడూ? ఇనుము కాలదు, ప్లాస్టిక్ కాలితే వీధంతా పొగ. జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాను అమ్మేవాళ్లకు ఇస్తే ఎవరో ఒకరు వాడుకుంటారు. మా ఆయన పుస్తకాలు రెండు గోనెసంచులు ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు అమ్మే వాళ్లకు ఇచ్చాం. ఇచ్చిన వారానికే ఒకటి వెనక్కి కొనుక్కొచ్చారు. ఒక్కటే కదా అని నేనేమీ అనలేదు.

నిర్వాహకుడు (నల్లకుంట):
కవిగారూ, “గదులు తెరిపినొందె గాలి వీచె” అంటే ఎలా ఉంటుంది? ఖాళీ గొడవే ఉండదు.

కాచిగూడ కవి:
తీసుకున్నాను. తెరిపి మంచి మాట. నాకెందుకు తట్టలేదో!

అంబర్‌పేట మాస్టారు:
ఇక నాది. మా అబ్బాయి గురించి.

*కారు కొన్న కిస్తి, కడుదూర మాఫీసు*
*బస్సు పాసె చాలు, బరువు తగ్గె*
*నెలకు మొదట వచ్చు నెమ్మది; కిస్తీలు*
*లేనివాని యింట లేదు లేమి*

కారు అమ్మగా వచ్చిన డబ్బుతో మిగిలిన బాకీ ఒకేసారి తీర్చేశాడు. ఇప్పుడు ఒకటో తారీఖున ఫోను మోగితే ఉలిక్కిపడటం లేదు. పోయిన నెల నన్ను హోటలుకు తీసుకెళ్లి దోసె తినిపించాడు, బిల్లు చూడకుండా ఇచ్చాడు.

కాచిగూడ కవి:
మాస్టారూ, మొదటి పాదంలో “కిస్తి”, మూడో పాదంలో “కిస్తీలు”. నా ఖాళీని పట్టుకున్నవారు మీ కిస్తీని వదిలేశారు! దోసె ముక్క చదివాక మాత్రం గొంతు పట్టేసింది. అది పద్యంలోకి ఎందుకు రాలేదు?

అంబర్‌పేట మాస్టారు:
దొరికాను. ఒప్పుకుంటున్నాను. దోసెకు మళ్లీ కూర్చుంటాను.

ఉప్పల్ నుంచి కొత్త సభ్యురాలు:
నమస్కారం అందరికీ. పద్యాలు రాయడం ఇంకా నేర్చుకుంటున్నాను. తప్పులుంటే చెప్పండి.

*పెండ్లి పిలుపు వచ్చె, పేరంట మొక్కటి*
*చీటి పాట వచ్చె, చేర మనిరి*
*పనుల కింక చూడ, పరులతో వద్దన*
*లేనివాని యింట లేదు లేమి*

మా ఇంట్లో వస్తువులు మొదటినుంచీ తక్కువే. ఎక్కువైనవి ఒప్పుకున్న పనులు. అపార్ట్‌మెంట్ కమిటీ, పిల్లల స్కూలు గ్రూపు, రెండు చీటీలు.  చీటీ డబ్బు ఒకరు కట్టకపోతే నేను వాళ్లింటికి వెళ్లి అడగాలి. ఎవరడిగినా “సరే వదినా” అనేశాను, ఇప్పుడు ఆదివారం కూడా నాది కాదు.

నిర్వాహకుడు (నల్లకుంట):
అమ్మా, సమస్యను బోర్లించారు. మేమంతా లేమి లేని సుఖం గురించి రాస్తుంటే, మీరు “వద్దన లేనివాని” అని విరిచి, పనులకు లేమి లేదన్నారు. పాదం అక్షరం మారకుండా అర్థం తలకిందులైంది. ఈ పాదం ఇచ్చినప్పుడు నాకే కనిపించని విరుపు ఇది.

కాచిగూడ కవి:
విరుపు అద్భుతం. “ఇంక చూడ” మాత్రం గణం నింపడానికే వచ్చింది.

అంబర్‌పేట మాస్టారు:
ఆ ఒక్కచోట కవిగారితో ఏకీభవిస్తాను, చాలా రోజులకు. “పనుల కెన్నడైన, పరులతో వద్దన” అనండి, అన్నీ కుదురుతాయి.

ఇంకో మాట. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఐదు యమాల్లో (పాటించాల్సిన నిగ్రహాల్లో) చివరిది అపరిగ్రహం, జైనుల మహావ్రతాల్లోనూ ఐదోది అదే. పరిగ్రహం అంటే దగ్గర ఉంచుకోవడమే కాదు, పుచ్చుకోవడం కూడా. మనమంతా ఉన్నదాన్ని వదిలించుకోవడం గురించి రాశాం. వచ్చినదాన్ని పుచ్చుకోకుండా ఉండటం గురించి ఈ అమ్మాయి పద్యంలోనే ఉంది. నా కిస్తీ పద్యం దీని ముందు నిలవదు, మనస్ఫూర్తిగా అంటున్నాను.

మల్కాజిగిరి అక్క:
వద్దనడం మగవాళ్లకు కాస్త తేలిక మాస్టారూ. కోడలు వద్దంటే ఏడాది గుర్తుపెట్టుకుంటారు. తల్లీ, నువ్వు “వాని” అన్నావు కానీ అక్కడ ఉన్నది నువ్వే అని నాకు తెలిసిపోయింది.

ఉప్పల్ నుంచి కొత్త సభ్యురాలు:
అవునక్కా. సమస్య పాదం మార్చకూడదు కదా, అందుకే “వాని” అలాగే ఉంచాను.

మాస్టారి సవరణ తీసుకున్నాను. నిన్న సాయంత్రం మా వీధి వదిన కొత్త చీటీకి పిలిచారు. “ఈసారి వద్దు వదినా, ఉన్నవి అయిపోనివ్వండి” అన్నాను. చెప్పేటప్పుడు చేతులు చల్లబడ్డాయి. ఆవిడ “సరేలే” అని, కరివేపాకు అడిగి తీసుకుని వెళ్లిపోయారు. అంతే. ఇన్నాళ్లూ దేనికి భయపడ్డానో!

నిర్వాహకుడు (నల్లకుంట):
మీ పద్యం మా అమ్మకు చదివి వినిపించాను. ఆ క్యారియర్ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు, గుమ్మం పక్కనే ఉంది. “ఆ అమ్మాయికి పంపించు” అని, అంతలోనే నవ్వి, “వద్దులే, పాపం కాదనలేక పుచ్చుకుంటుంది” అంది.