మూకీ చిత్రంలోని పియెర్ రెవెల్‌ను ఏ మాటతో పిలవాలి?

ప్రశ్న: చాప్లిన్ తీసిన మూకీ చిత్రం ‘ఎ వుమన్ ఆఫ్ ప్యారిస్’ (1923) గురించి వ్యాసం రాస్తున్నాను. అందులో అడాల్ఫ్ మెంజూ వేసిన పియెర్ రెవెల్‌ను ‘స్త్రీలోలుడైన ధనవంతుడు’ అన్నాను. ‘రసికుడు’ అంటే మెరుగా ఉంటుందా?

జవాబు: రసికుడు వద్దండీ. రసం తెలిసినవాడికి ఉన్న మంచి మాట అది. ఆడవాళ్ల వెంట తిరిగేవాళ్లకు అంటగట్టి ఇప్పటికే పలుచన చేశాం.

స్త్రీలోలుడు కూడా ఇతడికి అతకదు. లోలమంటే ఊగేది, చలించేది. గడియారంలో లోలకమూ చెవులకు లోలాకులూ ఆ ఊగేవే. ఆశతో మనసు నిలవనివాడు లోలుడు. పియెర్ మనసు ఎక్కడ ఊగింది? కథానాయిక మేరీ ఇంటికి వచ్చి, సొరుగు లాగి చేతిరుమాలు తీసుకునే దృశ్యం చూడండి. వాళ్ల సంబంధం ఏమిటో తెర మీద ఒక్క అక్షరం వేయకుండా తెలిసిపోతుంది. ఆ చేతిలో తహతహ లేదు, సొంత ఇంట్లో ఉన్నంత నింపాది ఉంది.

ఓరుగల్లు కొలువులో విద్యానాథుడు రాసిన అలంకారశాస్త్ర గ్రంథం ప్రతాపరుద్రీయంలో శృంగార నాయకులు నలుగురు: అనుకూలుడు, దక్షిణుడు, ధృష్టుడు, శఠుడు. చాటుగా అపకారం చేసేవాడు శఠుడు. తప్పు బయటపడ్డా బెదరనివాడు ధృష్టుడు. పియెర్ అచ్చంగా ధృష్టుడే! వేరొకరితో అతడి నిశ్చితార్థం వార్త పత్రికలో అచ్చై మేరీ కంటపడుతుంది. అతడు తడబడడు, దీనివల్ల మన మధ్య ఏమీ మారనక్కరలేదు అన్నట్టే ఉంటాడు. ఆమె కోపంతో ముత్యాల హారం కిటికీలోంచి వీధిలోకి విసిరేస్తే, తాను తాపీగా చిన్న శాక్సోఫోన్ ఊదుకుంటాడు. దారినపోయే బికారి హారం తీసుకోగానే ఆమె పరుగున వెళ్లి లాక్కుంటుంది. ఇతడు పగలబడి నవ్వుతాడు. ఆ నవ్వు చూశాక నాకు ‘లోలుడు’ అనే మాట చాలా మెత్తగా తోచింది.

ప్రశ్న: ఒప్పుకుంటాను. కానీ ధృష్టుడంటే ఈ రోజుల్లో ఎందరికి తెలుస్తుంది?

జవాబు: ధృష్టుడు తెలియకపోయినా ధార్ష్ట్యం తెలుసు కదా. ‘ఎంత ధార్ష్ట్యం!’ అని పత్రికల్లో ఇప్పటికీ రాస్తున్నారు. అక్కడి నుంచి పట్టుకోండి. ‘ధనమూ ధార్ష్ట్యమూ సమపాళ్లలో ఉన్న పియెర్ రెవెల్’ అంటే సరిపోతుంది. స్త్రీల ప్రస్తావన కథ చెప్పేటప్పుడు ఎలాగూ వస్తుంది.

ప్రశ్న: వాక్యం అలాగే మార్చాను. శఠుడి గురించి ఒక మాట కూడా చేరుస్తాను, ఆ తేడా పక్కన లేకపోతే ధృష్టుడు పూర్తిగా అర్థం కాడు.