అప్‌డేట్: అమ్మానాన్నల రొటొరువా ట్రిప్

న్యూజిలాండ్ క్రూజ్‌లో మా అమ్మానాన్నలు టౌరంగా రేవులో దిగి, ఒక్క రోజులో రొటొరువా చూసి రాగలరా, అమ్మ మోకాళ్లు సహకరిస్తాయా అని అడిగాను కదా. చూశారు, క్షేమంగా వైజాగ్ వచ్చేశారు.

మీలో చాలామంది చెప్పినట్టే ఓడవాళ్ల టూరే తీసుకున్నాం. ధర ఎక్కువే. కానీ బస్సు ఆలస్యమైతే ఓడ ఆగేది వాళ్ల టూర్‌కే, బయటి గైడ్‌తో వెళ్తే ఆ భరోసా లేదు. మా నాన్న అసలే టెన్షన్ మనిషి.

రొటొరువాలోని తె పుయా అనే చోట పొహుతు గీజర్ (నేలలోంచి చిమ్మే వేడినీటి ఊట) 30 మీటర్ల దాకా ఎగజిమ్ముతుంది. భూమి లోపల మరిగే నీళ్లు ఇరుకు సందుల్లో ఒత్తిడికి చిక్కి, ఒక్కసారి ఆవిరై తన్నుకొస్తాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ నాన్న ఇదే పాఠం. అమ్మకి మాత్రం బురద గుంటలే నచ్చాయి, చోడి అంబలి ఉడుకుతున్నట్టు ఉన్నాయట. బాట బాగుంది, మెల్లగా నడిచేసింది.

ఎవరూ చెప్పనిది ఒకటి: అక్కడి గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన గుడ్డు వాసన సరే, అమ్మ వెండి మెట్టెలు నల్లబడ్డాయి! విభూతితో తోమితే తెల్లబడ్డాయి.

లేడీ నాక్స్ గీజర్ గురించి అడిగినవారికి: అది వేరేచోట, వై-ఓ-టపులో. సబ్బు వేసి ఉదయం 10:15కి చిమ్మిస్తారు. ఓడ రేవుకు చేరే టైమ్ చూసుకుని బుక్ చేయండి.