ఎక్స్-15 పైలట్ ఎడమచేతి స్టిక్‌ని ఎప్పుడు వదిలేవాడు?

అందరికీ నమస్కారం. మా వాడి స్కూల్ ప్రాజెక్టు కోసం ఎక్స్-15 రాకెట్ విమానం గురించి చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను. 1963 ఆగస్టు 22న పైలట్ జో వాకర్ దాన్ని దాదాపు 108 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లాడు. అక్కడ గాలి లేనట్టే, తోక ఎంత తిప్పినా దండగ. అందుకే విమానాన్ని అటూ ఇటూ తిప్పడానికి ముక్కులో, రెక్కల్లో చిన్న హైడ్రోజన్ పెరాక్సైడ్ జెట్లు పెట్టారు (గాయాలకు పూసేదే, కాకపోతే ఘాటు చాలా ఎక్కువ!).

ఎక్స్-15లు మొత్తం మూడు తయారుచేశారు. వాకర్ ఆ రోజు నడిపిన మూడోదానిలో ఆటోమేటిక్ సిస్టమ్ తోకనీ జెట్లనీ కలిపి చూసుకునేది. మిగతా రెండింటిలో జెట్లకి ఎడమచేతి దగ్గర విడిగా ఓ స్టిక్ ఉండేది. మరి కిందికి దిగేటప్పుడు తోకకి మళ్లీ గాలి పట్టు దొరికిందని పైలట్‌కి ఎలా తెలిసేది? మీటర్ చూసేవాడా, చేతికే తెలిసిపోయేదా? ఏరోనాటికల్ చదివినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి, ప్లీజ్. వాడేమో రోజూ అడుగుతున్నాడు.