అప్‌డేట్: పికప్ వెనక అద్దం లీకు సంగతి తేలింది

వాన పడితే మా పికప్ ట్రక్కు వెనక సీటు కింద కార్పెట్ తడుస్తోంది, వెనక స్లైడింగ్ అద్దం మార్పించాలా అని అడిగాను కదా. అక్కర్లేదు. లీకు అద్దంలో లేదు, దాని పైనున్న మూడో బ్రేక్ లైటు దగ్గర ఉంది.

మీరు చెప్పినట్టే లోపలి ట్రిమ్ (గోడని కప్పే ప్యానెల్) ఊడదీశాం. మా ఆవిడ టార్చ్ పట్టుకుని లోపల కూర్చుంది. నేను బయట హోస్ పైపుతో, ప్రెషర్ లేకుండా, కింది నుంచి పైకి మెల్లగా నీళ్లు పోస్తూ వచ్చాను. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అంతటా జారి, ఎక్కడ కారుతోందో తెలియదు. అద్దం చుట్టూ పోసినంతసేపూ లోపల పొడిగానే ఉంది. బ్రేక్ లైటు మీద పోయగానే సన్నటి ధార దిగింది. విప్పి చూస్తే, ఇక్కడి డాలస్ ఎండలకి, నీళ్లు లోపలికి రాకుండా లైటు చుట్టూ ఉండే ఫోమ్ గాస్కెట్ అణిగిపోయి పగుళ్లిచ్చింది.

కొత్తది వేసి స్క్రూలు సమానంగా బిగించాను. చుట్టూ సిలికాన్ పూయమని కొందరన్నారు గానీ నాకు నచ్చలేదు, రేపు తీయాలంటే నానా తంటాలు.

కార్పెట్ కింద స్పాంజ్‌ని మాత్రం తప్పకుండా బయటికి తీసి ఎండబెట్టండి. పైకి పొడిగా కనిపించినా లోపల నీళ్లు పట్టుకునే ఉంటుంది. వదిలేస్తే బూజు, ఆపైన ఫ్లోరుకి తుప్పు.

నిన్న రాత్రి పెద్ద వానే పడింది, చుక్క కూడా లోపలికి రాలేదు. ఓపిగ్గా చెప్పిన అందరికీ చాలా థాంక్స్ అండి.