ఐ5-7400 నుంచి అప్‌గ్రేడ్: పాత డీడీఆర్4 ర్యామ్ ఉంచుకోవాలా, ఏఎండీ కొత్త ప్రాసెసర్ సాకెట్ ఏఎం5కి వెళ్లిపోవాలా?

మంజీరా_తీరం:
ఇప్పుడున్న సిస్టమ్ ఇది: ఐ5-7400, బీ250 బోర్డు, 8 జీబీ డీడీఆర్4-2400 స్టిక్కులు రెండు, జీటీఎక్స్ 1660 సూపర్, 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ, 450 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై. విండోస్ 10, లెగసీ మోడ్ (పాత తరహా బయోస్ బూట్).

పని: యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, పక్కన ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకిలీ ఫోన్). దాంతోపాటు మిర్రర్‌లెస్ కెమెరాలో తీసిన 10-బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉండే) వీడియోల ఎడిటింగ్. గేమ్స్ తక్కువే. ఎమ్యులేటర్ తెరిస్తే నాలుగు కోర్లూ వంద శాతం దగ్గరే ఉంటున్నాయి.

బడ్జెట్ 30 వేలు. గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ మార్చను. చూసిన బోర్డు + ప్రాసెసర్ జతలు: బీ550 + రైజెన్ 5 5600, బీ760 + ఐ5-12400ఎఫ్, బీ650 + రైజెన్ 5 7600. ఈ మూడింట్లో ఏది తీసుకోమంటారు?

కరకట్ట_77:
ముందు ర్యామ్ సంగతి తేల్చుకోండి, ప్రాసెసర్ సంగతి తర్వాత అదే తేలుతుంది. 2025 చివర్నుంచి మెమరీ ధరలు ఎక్కడికి పోయాయో చూస్తూనే ఉన్నారు. 7600 కూర్చునే ఏఎం5లో డీడీఆర్4 పనిచేయదు కాబట్టి మీ రెండు స్టిక్కులూ పక్కన పడేసి, 32 జీబీ డీడీఆర్5 కొత్తగా కొనాలి. 30 వేలలో అది కుదరని పని.

ఇక మిగిలింది రెండు. 5600 మంచి చిప్పే, కాదనను. కానీ రైజెన్‌లో ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (చిప్పు లోపలి భాగాలను కలిపే దారి) వేగం మెమరీ క్లాక్‌కి ముడిపడి ఉంటుంది. మీ 2400 ర్యామ్ వేస్తే ఫ్యాబ్రిక్ 1200 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. 3600 ర్యామ్‌తో అయితే అది 1800కి వెళ్తుంది. నెమ్మది ర్యామ్ దెబ్బ ఇంటెల్‌కీ తగులుతుంది గానీ, అక్కడ కోర్లను కలిపే రింగ్ మెమరీ వేగాన్ని బట్టి నడవదు. అందుకే పాత స్టిక్కులతో మొదలుపెట్టే వాళ్లకి 12400 నయం.

ఒక్క మార్పు: ఎఫ్ ఉన్నది (లోపల గ్రాఫిక్స్ లేనిది) వద్దు, మామూలు 12400 తీసుకోండి. అందులోని యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ మీ 4:2:2 10-బిట్ వీడియోని హార్డ్‌వేర్‌లోనే డీకోడ్ చేస్తుంది. మీ 1660 సూపర్ అది చేయలేదు, 7600లో ఉన్న చిన్న గ్రాఫిక్స్ కూడా చేయలేదు. కాకపోతే ఇది హెచ్.265 పద్ధతిలో కుదించిన ఫైళ్లకే. కెమెరా హెచ్.264లో 4:2:2 రాస్తుంటే క్విక్‌సింక్ (ఇంటెల్ గ్రాఫిక్స్‌లోని ఈ డీకోడర్) కూడా చేతులెత్తేస్తుంది, కాబట్టి కెమెరా మెనూలో హెచ్.265కి మార్చుకోవాలి. ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ వాడేట్టయితే ఈ సౌకర్యానికి డబ్బు కట్టే స్టూడియో వెర్షన్ ఉండాలి.

సీమ_సోల్డర్:
నా లెక్క వేరు. 12400 కూర్చునే ఎల్‌జీఏ1700 అయిపోయిన సాకెట్. 12, 13, 14 తరాలతో దాని కథ ముగిసింది, 2024 అక్టోబర్‌లో ఇంటెల్ ఎల్‌జీఏ1851కి వెళ్లిపోయింది. ఏఎం5ని 2027 దాటేదాకా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. రెండేళ్లలో మళ్లీ ప్రాసెసర్ మార్చే అలవాటున్నవాళ్లు ఆరు నెలలు ఆగైనా ఏఎం5 కొనడం మేలు. 7400ని ఇన్నేళ్లు వాడినవాళ్లకి మాత్రం ఈ వాదన పెద్దగా వర్తించదని ఒప్పుకుంటా.

12400కే వెళ్తే బోర్డు దగ్గర జాగ్రత్త. బీ760లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. రెండింటి గాడి వేరువేరు చోట్ల ఉంటుంది, ఒకదాంట్లో ఇంకోటి దిగదు. పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉందా అని బాక్సు మీద చూడండి. హెచ్610 బోర్డు చవకే గానీ, సాధారణంగా రెండే ర్యామ్ స్లాట్లు, ఎస్ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ కూడా పాత పీసీఐఈ 3.0 వేగం దగ్గరే ఆగుతుంది. మీకు నాలుగు స్లాట్లు కావాలి. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, బ్రౌజర్ మూడూ కలిస్తే 16 జీబీ సరిపోదు.

ఇంకో రెండు 8 జీబీ స్టిక్కులు సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వేసుకోండి. 3200వి వేసినా పాతవాటితో కలిపి అన్నీ 2400 దగ్గరే నడుస్తాయి, వేగం కోసం అదనంగా డబ్బు పెట్టకండి. నాలుగూ పెట్టాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు పూర్తయ్యేదాకా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కులు ఒక్కొక్కటిగా తీసి వెతకాల్సిందే.

మంజీరా_తీరం:
సరే, 12400 + బీ760 డీడీఆర్4 ఖాయం. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొంటున్నా. పవర్ సప్లై సరిపోతుందా? విండోస్ మళ్లీ వేయాలా? పాత కూలర్ కుదురుతుందా?

కరకట్ట_77:
పవర్: 12400 గరిష్ఠంగా 117 వాట్లు, 1660 సూపర్ 125. మిగతావన్నీ కలిపి ఓ 50 వేసుకున్నా 300 లోపే. 450 చాలు. బోర్డు మీద సీపీయూకి 8 పిన్ల సాకెట్ ఉంటుంది, మీ సప్లైలో 4+4 వైరు ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. గ్రాఫిక్స్ కార్డుకిచ్చే 6+2 వైరు చూడ్డానికి అలాగే ఉంటుంది, దాన్ని బలవంతంగా అక్కడ దూర్చితే బోర్డు పోతుంది.

కూలర్: ఎల్‌జీఏ1151 రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700లో 78. పాతది కూర్చోదు. బాక్స్ ప్యాక్‌లో కూలర్ వస్తుంది, ట్రే ప్రాసెసర్ (బాక్సు, కూలర్ లేకుండా విడిగా అమ్మేది) అంటగడితే వద్దనండి. పిన్లు ఐమూలగా నొక్కి, బోర్డు వెనక్కి తిప్పి నాలుగు కొసలూ పూర్తిగా బయటికొచ్చాయో లేదో చూడండి. ఒక్కటి సగమే దిగినా ప్రాసెసర్ నిమిషాల్లో వంద డిగ్రీలకి చేరుతుంది.

సీమ_సోల్డర్:
విండోస్ మళ్లీ వేయక్కర్లేదు, కానీ పని పాత బోర్డు మీదే మొదలుపెట్టాలి. వరస ఇదీ:

డేటా బ్యాకప్ తీసుకోండి. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే ఆపేయండి. యాక్టివేషన్ పేజీలో లైసెన్సు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి కలిసి ఉందో చూడండి. ఓఈఎం (కంప్యూటర్‌తోపాటే వచ్చిన) లైసెన్సయితే బోర్డుతోనే పోతుంది, కొత్తది కొనాలి.

లెగసీ మోడ్ అన్నారు కాబట్టి మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉండి ఉంటుంది, యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్) కోసం దాన్ని జీపీటీకి మార్చాలి. విండోస్‌లోనే ఉన్న ఎంబీఆర్2జీపీటీతో ముందు వాలిడేట్, ఆ తర్వాత కన్వర్ట్. డిస్క్‌లో మూడు కంటే ఎక్కువ పార్టిషన్లుంటే అది మొరాయిస్తుంది. మార్చాక పాత బోర్డు బయోస్‌లో సీఎస్ఎం (లెగసీ బూట్‌ని నడిపించేది) ఆపి, యూఈఎఫ్ఐలో బూట్ అవుతోందని చూసుకున్నాకే స్క్రూలు విప్పండి. ఈ మెట్టు వదిలేస్తే, కొత్త బోర్డు మీద బూట్ డిస్క్ లేదని వస్తే తప్పు ఎస్ఎస్‌డీదో బోర్డుదో తెలియక జుట్టు పీక్కుంటారు.

విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. 12400తో విండోస్ 11కి అడ్డేమీ లేదు, బయోస్‌లో పీటీటీ (విండోస్ 11 అడిగే టీపీఎం భద్రతా సౌకర్యానికి ఇంటెల్ పేరు) ఆన్ చేస్తే చాలు.

కరకట్ట_77:
ఒకటి మర్చిపోయా. గ్రాఫిక్స్ కార్డు పెడితే చాలా బోర్డుల్లో యూహెచ్‌డీ 730 దానంతటదే ఆగిపోతుంది. బయోస్‌లో ఐజీపీయూ (ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్) మల్టీ-మానిటర్ ఎనేబుల్ చేసి, ఇంటెల్ డ్రైవర్ వేయండి. లేకపోతే ఎఫ్ లేని చిప్పు కొన్న ప్రయోజనమే ఉండదు.

షాపులో బిల్లు వేయించేముందు బోర్డు సాకెట్ మూత ఎత్తించి, ఫోన్ లైట్ ఏటవాలుగా వేసి పిన్లు చూడండి. వంగిన పిన్లకి వారంటీ రాదు. ప్రాసెసర్ పెట్టి లివర్ వేసినప్పుడు ఆ నల్ల మూత దానంతటదే ఊడొస్తుంది, పారేయకండి. బోర్డు వారంటీకి పంపాల్సొస్తే ముందు అదెక్కడని అడుగుతారు.