ముడి చమురుకు ‘ఉన్నతీకరణ’ సరిపోతుందా?

ప్రశ్న: సభ్యులకు నమస్కారం. బరువైన ముడి చమురును ఉత్ప్రేరకాల సాయంతో పలుచని చమురుగా మార్చే పద్ధతి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఇంగ్లీషులో ‘అప్‌గ్రేడింగ్’ అనే ఆ పనిని ‘ఉన్నతీకరణ’ అనవచ్చా?

జవాబు: అనకండి. ఉన్నతీకరణ అనగానే హైస్కూలు స్థాయికి పెరిగిన ఊరి బడి గుర్తుకొస్తుంది. హోదా పెరిగిందని తెలుస్తుంది గాని చమురుకు ఏమయిందో తెలియదు. ‘తేలికపరచడం’ అనండి. తేలిక అన్నది ‘తేలు’ నుంచి వచ్చిన మాట. చమురు తూకం చెప్పే ఏపీఐ కొలత కూడా నీటితో పోల్చి చెప్పేదే. అందులో 10 అంటే నీటి సాంద్రత. అంతకు మించితే చమురు నీటిపై తేలుతుంది, తగ్గితే మునుగుతుంది. వెనెజువెలాలోని ఒరినోకో చమురు చాలావరకు ఆ 10కి అటూ ఇటూగా ఉంటుంది. ఇంత చక్కగా అతికే మాట మన దగ్గరే ఉండగా కొత్తది కూర్చడం ఎందుకు?

ప్రశ్న: బాగుంది. అయితే ఉత్ప్రేరకం తాను మార్పు చెందదని బడిలో చదివాం. ఈ వ్యాసంలో దాన్ని తరచూ మార్చాలని ఉంది. ఆ పదమే తప్పా?

జవాబు: పదం తప్పు కాదు, ప్రేరేపించేదనే దాని అర్థం. ‘తాను మారదు’ అన్నది రసాయన చర్య సమీకరణం వరకే. రియాక్టరులో 400 డిగ్రీలు దాటిన వేడికి పెద్ద అణువులు తెగుతాయి. తెగిన కొసలకు హైడ్రోజన్ అందకపోతే అవి మళ్లీ అతుక్కుని బొగ్గులా గట్టిపడతాయి. అల్యూమినా గుళికలపై ఉండే నికెల్, మాలిబ్డినం ఆ హైడ్రోజన్‌ను అందిస్తాయి, గంధకాన్నీ విడదీస్తాయి. కానీ బరువైన చమురులో వెనేడియం, నికెల్ ఉంటాయి. అవి గుళికల సన్నని రంధ్రాల్లో పేరుకుని పూడ్చేస్తాయి. అందుకే కొన్ని రియాక్టర్లలో చమురు ప్రవాహంతో గుళికలను పైకి లేపి ఉంచి, పని ఆపకుండానే పాతవి తీసి కొత్తవి వేస్తారు. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో, చమురు మరిగించగా అడుగున మిగిలే చిక్కని పదార్థం కోసం కట్టిన యూనిట్‌ది ఈ పద్ధతే. దాని సామర్థ్యం ఏటా 35.5 లక్షల టన్నులు.

ప్రశ్న: అలా తీసేసినదాన్ని ‘మృత ఉత్ప్రేరకం’ అని రాయనా?

జవాబు: ‘వాడేసిన ఉత్ప్రేరకం’ అని రాయండి. అందులోంచి వెనేడియం, మాలిబ్డినం తిరిగి రాబడతారు. మృతం అంటే పారేసే చెత్త అనుకుంటారు చదివేవాళ్లు.